గల్లాపెట్టె, కార్డు యంత్రం: చిరువ్యాపారి లెక్క

2025 జూలైలో బెంగళూరులోని అనేక చిన్న దుకాణాల ముందు ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. యూపీఐ జమల ఆధారంగా వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు పంపడమే దానికి కారణం. ఈ భయం మన వీధుల్లోని దుకాణదారులకూ ఉంది. అయితే ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి: ఒకటి చెల్లింపు రుసుము, మరొకటి పన్ను. వాటిని విడదీసి చూద్దాం.

మొదటిది రుసుము. 2020 జనవరి 1 నుంచి బ్యాంకు ఖాతా ద్వారా జరిగే యూపీఐ చెల్లింపులకు, రూపే డెబిట్ కార్డులకు వ్యాపారి రుసుము చెల్లించనక్కరలేదు. భారం ప్రధానంగా క్రెడిట్ కార్డుతోనే. రుసుము రెండు శాతం అనుకుంటే, 5,000 రూపాయల అమ్మకంపై 100 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 118 రూపాయలు పోతాయి. ఆ సరుకుపై లాభం ఐదు శాతమే అయితే, వచ్చే 250 రూపాయలలో దాదాపు సగం కరిగిపోయినట్లే. కనుక యంత్రం తీసుకునే ముందే ఏ కార్డుకు ఎంత రుసుమో, నెలవారీ అద్దె ఎంతో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

రెండవది పన్ను. నగదు పుచ్చుకుంటే పన్ను ఉండదన్నది అపోహ. పన్ను అమ్మకంపైనే గాని, డబ్బు వచ్చిన దారిపై కాదు. సరుకులు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. తాజా కూరగాయల వంటి పన్ను లేని సరుకులు మాత్రమే అమ్మేవారికి నమోదు అవసరం లేదు.

ఆదాయపు పన్నులో మరో వెసులుబాటు ఉంది. ఖాతా పుస్తకాల బెడద లేని అంచనా విధానంలో నగదు అమ్మకాలలో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చిన వాటిలో 6 శాతాన్ని కనీస ఆదాయంగా లెక్కిస్తారు. 30 లక్షల అమ్మకాలకు అది 2,40,000కు బదులు 1,80,000 అవుతుంది.

మరి జాగ్రత్త ఎక్కడ? బంధువులు పంపిన సొమ్ము, చేబదులు, దుకాణం రాబడి ఒకే ఖాతాలో కలిస్తే, అంతా అమ్మకమేనని అధికారులు భావించే ప్రమాదముంది. అందుకే వ్యాపారానికి వేరే ఖాతా తెరవాలి. ప్రతి రాత్రీ నగదును, జమలను ఒక పుస్తకంలో రాసుకోవాలి. నోటీసు వస్తే గడువులోగా ఆధారాలతో జవాబివ్వాలి.

తూకంలో నిజాయితీ ఎంత ముఖ్యమో లెక్కలోనూ అంతే ముఖ్యం. లెక్క సరిగా రాసుకున్న వ్యాపారికి దుకాణం ముందు ఆ కాగితం అంటించవలసిన అవసరం రాదు.