సరస్సు ఒప్పుకుంటేనే వసంతం

మన పంచాంగంలో వసంతఋతువు చైత్రశుద్ధ పాడ్యమినాడు వస్తుంది. అమెరికావారి క్యాలెండరులో మార్చి 20వ తేదీ ప్రాంతాన వస్తుంది. చికాగో నగరంలో మాత్రం అది ఏ పంచాంగాన్నీ లెక్కచేయదు. నగరానికి తూర్పున ఉన్న మిచిగన్ సరస్సు ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడు వస్తుంది. వచ్చినా, నిలుస్తుందన్న నమ్మకం లేదు. ప్రొద్దున వచ్చి, మధ్యాహ్నం భోజనాలవేళకు చెప్పకుండా వెళ్ళిపోయిన రోజులు ఎన్నో చూశాను.

సరస్సు అనగానే మనకు కొల్లేరో, పులికాటో గుర్తుకు వస్తుంది. ఇది ఆ జాతిది కాదు. పొడవు 307 మైళ్ళు. వెడల్పు, ఎక్కువగా ఉన్నచోట, 118 మైళ్ళు. లోతు, ఎక్కువగా ఉన్నచోట, 923 అడుగులు. గట్టున నిలబడితే ఆవలి గట్టు కనిపించదు. అలలు విరుగుతూ ఉంటాయి. ఓడలు తిరుగుతూ ఉంటాయి. నోట పోసుకుంటే ఉప్పగా ఉండదు, అంతే తేడా!

మా అమ్మాయి కాపురం చికాగోకు ఉత్తరాన ఆనుకునివున్న ఎవాన్‌స్టన్‌లో. అక్కడినుంచి సరస్సుకు నడిచి వెళ్ళవచ్చు. నాలుగు వసంతాలు అక్కడ గడిపాను గనుక, ఆ సరస్సు పెత్తనం ఎటువంటిదో నాలుగు మాటలు చెప్పగలను.

ఒకే పూట రెండు ఋతువులు

ఉగాదినాడు మన ఇళ్ళల్లో వేపపూత కోసం పిల్లలు చెట్టెక్కుతారు. అక్కడ వేపచెట్టు లేదు. డెవాన్ వీధిలోని మన దేశపు కొట్లలో పచ్చిమామిడికాయ దొరుకుతుంది. ఎండబెట్టిన వేపపూత నేనే వెంట తీసుకువెళ్ళాను. పచ్చడి కలుపుతూ వంటింటి కిటికీలోనుంచి చూస్తే, బయట మంచు దూదిపింజల్లా పడుతున్నది. ఆరు రుచులూ గిన్నెలో ఉన్నాయి గాని, ఋతువు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మరి మూడు వారాలకు, ఒక ఆదివారంనాడు, ఆరోరాలోని వేంకటేశ్వరస్వామి ఆలయానికి బయలుదేరాము. ఆరోరా చికాగోకు పడమరగా 40 మైళ్ళ దూరంలో ఉన్నది. ఇంటివద్ద 46 డిగ్రీలు. అక్కడివారు ఇప్పటికీ ఫారన్‌హీట్ లెక్కే చెబుతారు. మన లెక్కలో 8 సెంటిగ్రేడు అన్నమాట. నేను కోటు, శాలువ, మేజోళ్ళు అన్నీ బిగించాను. గుడి మెట్లవద్ద దిగేసరికి 72 డిగ్రీలు! జనమంతా పలుచని బట్టల్లో హాయిగా తిరుగుతున్నారు. కోటు విప్పి కారు వెనుక సీటులో పడవేస్తూవుంటే, పదేళ్ళ మనవడు, “అమ్మమ్మా, దాన్ని అడుగున పెట్టకు. ఇంటికెళ్ళేసరికి మళ్ళీ కావాలి” అన్నాడు. వాడు పుట్టింది అక్కడే. వాడికి తెలియనిదా!

వసంతకాలంలో రేడియోలోను, టెలివిజన్‌లోను వాతావరణం చెప్పేవారు ఎంత వేడి ప్రకటించినా చివర ఒక మాట చేరుస్తారు: “సరస్సు ఒడ్డున మాత్రం చల్లగా ఉంటుంది.” అది అక్కడివారికి సంకల్పంలో దేశకాలాలు చెప్పినంత అలవాటు.

నీటికి తొందర లేదు

ఇందులో మాయ లేదు. ఎండ నేలమీదా పడుతుంది, నీటిమీదా పడుతుంది. నేల తొందరగా వేడెక్కుతుంది. నీరు తాపీగా వేడెక్కుతుంది. పైగా నీటికి ఒక విచిత్ర గుణం ఉన్నది. అది 39 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద, అంటే 4 సెంటిగ్రేడు వద్ద, అన్నిటికంటె బరువుగా ఉంటుంది. చలికాలంలో సరస్సు అంతకన్న చల్లబడుతుంది. వసంతంలో ఎండకు పైనీరు కాస్త వెచ్చబడి, 39 డిగ్రీలకు దగ్గరపడేకొద్దీ, బరువెక్కి క్రిందికి దిగిపోతుంది. క్రిందిది పైకి వస్తుంది. ఇలా అడుగుదాకా నీరంతా ఆ వేడికి చేరేవరకు పైభాగం వెచ్చగా నిలవదు. వందల అడుగుల లోతున్న నీరు ఆ పని ముగించటానికి ఎన్ని వారాలు కావాలో ఊహించుకోండి.

ఈలోగా గట్టుమీద నేల వేడెక్కి, దానిమీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సరస్సుమీది చల్లగాలి చొరబడుతుంది. విశాఖపట్నంలో, కాకినాడలో సాయంకాలం మనం తలుపులు తీసిపెట్టి ఆహ్వానించే సముద్రపు గాలి సరిగా ఇదే. కాని మన సముద్రం వెచ్చనిది. ఏప్రిల్‌లో మిచిగన్ సరస్సు ఇంకా ఐసునీళ్ళకు చెల్లెలు. పార్కులో చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నవారి మెడమీద ఆ గాలి ఒక్కసారి తాకుతుంది. కొద్ది నిమిషాల్లో వేడి ఇరవై డిగ్రీలు పడిపోవచ్చు. చికాగోకు ఉత్తరాన అదే గట్టున ఉన్న మిల్వాకీలో వాతావరణశాఖవారు 1960 ప్రాంతాలలో దీనికి “న్యుమోనియా గాలి” అని పేరుపెట్టారు.

అడ్డుగోడ లేని దేశం

తప్పంతా సరస్సుదే అనలేము. మన దేశానికి ఉత్తరాన హిమాలయం ఉన్నది. మధ్య ఆసియా చలిగాలులను అది ఆపుతుంది. ఉత్తర అమెరికాలో తూర్పు పడమరలుగా అటువంటి కొండలు లేవు. కెనడానుంచి పొడి చలిగాలి దక్షిణానికి, మెక్సికో సింధుశాఖనుంచి తేమనిండిన వేడిగాలి ఉత్తరానికి, ఏ ఆటంకమూ లేకుండా పరుగెత్తుతాయి. రెండూ ఎదురుపడేది ఈ ప్రాంతంలోనే, ముఖ్యంగా వసంతంలో.

ఆ కలహం ముదిరితే టోర్నడో అనే భయంకరమైన సుడిగాలి పుడుతుంది. 1967 ఏప్రిల్ 21వ తేదీ, శుక్రవారం సాయంకాలం, చికాగోకు నైరుతిన ఉన్న ఓక్‌లాన్ పట్టణంమీదుగా ఒకటి వెళ్ళి, 33 మందిని పొట్టనపెట్టుకున్నది. పెద్ద నగరాన్నీ, చల్లని సరస్సునూ దాటి సుడిగాలి రాదని కొందరికి ఒక నమ్మకం. ఆనాటిది నగరపు దక్షిణభాగాన్ని చీల్చుకుంటూ సరస్సు గట్టుదాకా వెళ్ళింది. ఈ సుడిగాలుల బలాన్ని కొలవటానికి 1971లో కొలబద్ద తయారుచేసిన ఫుజితా అనే జపాను శాస్త్రవేత్త పనిచేసింది కూడా చికాగో విశ్వవిద్యాలయంలోనే.

ప్రతినెలా మొదటి మంగళవారం ఉదయం పదిగంటలకు ఆ ఊళ్ళలో హెచ్చరిక సైరన్లు పరీక్షగా మ్రోగుతాయి. మొదటిసారి విన్నప్పుడు నా గుండె దడదడలాడింది. అమ్మాయి నవ్వి, “మంగళవారం పదింటికి మ్రోగితే కాఫీ త్రాగమ్మా, వేరే వేళ మ్రోగితే నేలమాళిగలోకి పరుగెత్తు” అన్నది.

చెర్రీ తోటల కావలి

ఇంత తిట్టుకున్న సరస్సును మెచ్చుకునేవారు ఆవలి గట్టున ఉన్నారు. తూర్పు ఒడ్డు పొడవునా మిచిగన్ రాష్ట్రపు పండ్లతోటలు: ఆపిలు, పీచు, ద్రాక్ష, ఉత్తరాన ట్రావర్స్ సిటీ చుట్టూ చెర్రీ. అక్కడ గాలి ఎక్కువగా పడమటినుంచి, అంటే సరస్సుమీదుగా వస్తుంది. వసంతంలో ఆ చల్లదనం చెట్లను త్వరపడనివ్వదు. మొగ్గ ఆలస్యంగా విచ్చుకుంటుంది. అప్పటికి ప్రాణాంతకమైన మంచు రాత్రులు చాలావరకు వెళ్ళిపోతాయి. చెర్రీ పూర్తిగా పూసివున్న వేళ 28 డిగ్రీలకు దిగితే పదింట ఒక పూవు చస్తుంది. 25కు దిగితే పదింట తొమ్మిది చస్తాయి. ఆ మూడు డిగ్రీలమీదే ఒక కుటుంబపు ఏడాది గ్రాసం ఆధారపడివుంటుంది. పొగమంచుకు మామిడిపూత మాడిపోతే మన రైతు ముఖం ఎలావుంటుందో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

2012లో ఈ కావలి పనిచేయలేదు. ఆ చలికాలంలో సరస్సులమీద మంచుగడ్డ చాలా తక్కువ. మార్చిలో దక్షిణపు వేడిగాలి వచ్చి తిష్ఠవేసింది. 14వ తేదీనుంచి 22 వరకు, వరుసగా తొమ్మిది రోజులు, చికాగోలో పాత రికార్డులు సమానం కావటమో, చెరిగిపోవటమో జరిగింది. చికాగోవారు పండుగ చేసుకున్నారు. చెట్లు కూడా మోసపోయి, వారాలకొద్దీ ముందుగా మేలుకున్నాయి. ఏప్రిల్‌లో మంచు రాత్రులు మామూలుగానే వచ్చాయి. మిచిగన్ రాష్ట్రంలో పుల్లచెర్రీ పంట సుమారు నూటికి తొంభైవంతులు పోయింది. పై గాలిని క్రిందికి తోసే పెద్ద పంకాలు తిప్పి తెల్లవార్లూ కాపలాకాసినా, అనేకులకు దక్కింది కొద్దిగానే.

ట్రావర్స్ సిటీ ప్రాంతంలో ఒక వృద్ధరైతు తోట చూశాము. మే నెలలో కూడా చలిగా ఉన్నదేమని మా అల్లుడు సానుభూతిగా అడిగితే, ఆయన సంతోషంగా తల ఊపి, ఈ చలి ఇలాగే ఇంకొక వారం ఉంటే బాగుండునన్నాడు. మార్చిలో ఎండకాస్తే తనకు నిద్రపట్టదట. ఆ మాట విన్న తరువాత ఎవాన్‌స్టన్‌లో చలిగాలి తాకినప్పుడు విసుక్కోవటం కొంత తగ్గించుకున్నాను.

వెళ్ళేవారికి ఒక మాట

పురుళ్ళకో, మనవల ఉపనయనాలకో వసంతంలో అటు వెళ్ళే తల్లిదండ్రులు బరువైన కోటు ఒకటి తీసుకువెళ్ళేకంటె, పలుచని ఉన్నిబట్టలు రెండుమూడు ఒకదానిమీద ఒకటి వేసుకోవటం మేలు. ఇంటి కిటికీలో ఎండ చూసి మోసపోవద్దు. జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూడండి. గాలి తూర్పునుంచి వస్తూవుంటే శాలువ తప్పదు. మే నెలాఖరువరకు పూలకుండీలు రాత్రిళ్ళు లోపల పెట్టటమే క్షేమం.

జూలై వస్తే కథ మారుతుంది. ఊరిలోపల ఎండ మండిపోతుంటే, జనమంతా పిల్లలతో, చాపలతో, తినుబండారాలతో సరస్సు గట్టుకు చేరతారు. ఏప్రిల్‌లో ఎవరూ రమ్మనని ఆ గాలికి అప్పుడు ఎదురు వెళ్ళి కూర్చుంటారు.