కీమో తర్వాత ఆగని ఎక్కిళ్లు

కీమోథెరపీ జరిగిన సాయంత్రమో మర్నాడో కొందరికి ఎక్కిళ్లు పట్టుకుంటాయి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో మందు ఎక్కించుకుని, లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌కో ఎల్బీ నగర్‌కో చేరే రోగికి అవి మొదలయ్యేది చాలాసార్లు ఇంట్లోనే, నర్సు దగ్గర లేనప్పుడే. ఎవరో తలుచుకుంటున్నారని ఇంట్లోవాళ్లు నవ్వేస్తారు. తర్వాతిసారి డాక్టరు దగ్గర వాంతుల సంగతి వస్తుంది గానీ ఎక్కిళ్ల ఊసే రాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న డయాఫ్రమ్ కండరం ఉన్నట్టుండి బిగుసుకుని గాలిని లోపలికి లాగుతుంది. వెంటనే గొంతులో స్వరతంత్రులు టక్కున మూసుకుంటాయి. ఆ చప్పుడే ఎక్కిలి. 48 గంటలు దాటినా తగ్గకపోతే వైద్యులు దాన్ని మామూలు ఎక్కిళ్లుగా చూడరు. నిద్ర ఉండదు, ముద్ద దిగదు, పొట్ట కండరాలు నొప్పిపుడతాయి.

సిస్‌ప్లాటిన్ వాడే చికిత్సలో ఈ బాధ ఎక్కువ. అయితే చాలామందిలో అసలు దోషి కీమో మందు కాదు, వాంతులు రాకుండా దానితోపాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఆడవాళ్లకన్నా మగవాళ్లలోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని ఆ మాత్ర సొంతంగా మానేస్తే వాంతులు ముంచుకొస్తాయి. డాక్టరైతే మోతాదు తగ్గించవచ్చు, లేదా మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌కు మార్చవచ్చు. ఆ మార్పుతోనే తర్వాతి సైకిల్‌లో తెరిపిన పడినవాళ్లున్నారు. అందుకే ఎక్కిళ్లు ఏ రోజు మొదలయ్యాయో, ఎంతసేపున్నాయో కాగితం మీద రాసుకుని చూపించాలి.

చల్లటి నీళ్లు గుటక గుటకగా తాగడం, కాసేపు ఊపిరి బిగబట్టడం లాంటి ఇంటి చిట్కాలు ప్రయత్నించవచ్చు. తగ్గుతాయన్న హామీ మాత్రం లేదు. చెంచాడు పంచదార షుగరున్నవాళ్లకు పనికిరాదు, స్టెరాయిడ్ అప్పటికే చక్కెర పెంచి ఉంటుంది. ‘ఏం దొంగతనం చేశావ్’ అని బెదిరించడం చిన్నపిల్లల దగ్గర చెల్లుతుందేమో గానీ స్టెరాయిడ్ దగ్గర చెల్లదు. పొట్ట ఉబ్బితే ఎక్కిళ్లు పెరుగుతాయి కనుక సోడా, మిర్చి బజ్జీ పక్కనపెట్టి పెరుగన్నమో రాగిజావో కొంచెం కొంచెంగా తీసుకోవడం మేలు.

వీటికి లొంగకపోతే మందులున్నాయి. క్లోర్‌ప్రోమజిన్ పాతది, మగత తెస్తుంది, బీపీ పడేస్తుంది. బాక్లోఫెన్, మెటోక్లోప్రమైడ్, గాబాపెంటిన్ కూడా వాడతారు. బాక్లోఫెన్ కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, సిస్‌ప్లాటిన్ దెబ్బతీసేది ఆ కిడ్నీలనే. అందుకని వీధి చివరి మెడికల్ షాపులో అడిగి మింగే మందులు కావివి.

రెండు రోజులు దాటినా, మంచినీళ్లు కూడా నిలవకపోయినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, మాట తడబడినా తర్వాతి సైకిల్ దాకా ఆగకూడదు. ఒంట్లో సోడియం పడిపోయినా ఎక్కిళ్లు రావచ్చు. అది రక్తపరీక్షలోనే తేలుతుంది.