కీబోర్డు ప్యానెల్‌కు వెలుగు అవసరమా?

పోయిన వార్షికోత్సవంలో సామూహిక గానం మొదలయ్యే ముందు స్టేజి మీద దీపాలన్నీ ఆర్పేశారు. కీబోర్డు దగ్గర మాలో ఒకరు నిలబడి ఉన్నారు. రిథమ్ మొదలుపెట్టే బటన్ కోసం చీకట్లో తడిమితే వేలు పక్కనున్న ట్రాన్స్‌పోజ్ బటన్ మీద పడింది. శ్రుతి అర మెట్టు పైకి జరిగిపోయింది. మొదటి చరణం అయ్యేదాకా పాడేవాళ్ళది ఒక శ్రుతి, కీబోర్డుది ఒక శ్రుతి. ముందు వరసలో కూర్చున్న అమ్మానాన్నలు మర్యాదగా చప్పట్లు కొట్టారు కానీ మాకు తల ఎత్తుకోవాలనిపించలేదు.

ఈ ఏడాది కొత్త సింథసైజరు కొనాలని మ్యూజిక్ సార్ అనుకుంటున్నారు. చూసినవాటిలో ఒకదానికి ప్యానెల్ అంతా వెలుగుతుంది, ధర కాస్త ఎక్కువ. "వెలుగు కోసం అదనంగా డబ్బు పెట్టాలా వద్దా, మీరే తెలుసుకుని చెప్పండి" అన్నారు సార్. మేము తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

సింథసైజరు తబలాలా, వీణలా ఒకే రకం నాదం ఇచ్చే వాయిద్యం కాదు. విద్యుత్తుతో నాదాన్ని తయారుచేసి, నాబ్‌లు తిప్పి దాని రూపం మార్చే యంత్రం. 1970లో అమెరికాలో వచ్చిన మినీమూగ్ దీనికి పేరు తెచ్చింది. దాన్ని తెచ్చిన రాబర్ట్ మూగ్ తన ఇంటిపేరును 'మోగ్' అని పలికేవారట. తెలుగువాళ్ళకు ఇంతకంటే తగిన పేరు దొరకదు! ఆ మినీమూగ్‌లో జ్ఞాపకశక్తి లేదు. నాబ్ ఎక్కడ ఉంటే నాదం అలాగే వస్తుంది. ప్యానెల్‌ను చూసినా, చేత్తో తడిమినా యంత్రం ఏ స్థితిలో ఉందో తెలిసిపోతుంది. కాబట్టి వెలుగు లేకపోయినా పెద్ద ఇబ్బంది లేదు.

చిక్కు తర్వాత వచ్చింది. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 లో మైక్రోప్రాసెసర్ పెట్టి, తయారుచేసుకున్న నాదాలను దాచుకునే వీలు కల్పించారు. ఒక బటన్ నొక్కగానే దాచిన నాదం వస్తుంది. కానీ నాబ్ మాత్రం పాత చోటే ఉండిపోతుంది. నాబ్ 3 దగ్గర ఉన్నా లోపలి విలువ 8 కావచ్చు. అంటే ప్యానెల్ మనకు అబద్ధం చెబుతోందన్నమాట. చీకటి పడితే టార్చి వేసుకోవచ్చు, ఈ అబద్ధం మాత్రం టార్చికి దొరకదు. నార్డ్ లీడ్ 3 అనే వాయిద్యంలో నాబ్‌ల చుట్టూ చిన్న ఎల్‌ఈడీలను వలయంగా అమర్చారు. నాదం మారగానే ఆ వలయాలు అసలు విలువలను చూపిస్తాయి. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లోనూ వరసగా ఉండే 16 బటన్లకు తలా ఒక దీపం ఉంది. తాళం ఏ దెబ్బ దగ్గరికి వచ్చిందో ఆ వెలుగు పరుగును చూస్తే తెలుస్తుంది. ఇలాంటి వెలుగుకు డబ్బు పెట్టవచ్చని మేమంతా ఒప్పుకున్నాం.

ప్యానెల్ మొత్తాన్ని వెనకనుంచి వెలిగించడం వేరే సంగతి. 2002లో వచ్చిన మినీమూగ్ వాయేజర్ కొన్ని కూర్పుల్లో ఇలా నీలంగా వెలుగుతుంది. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ ఆ వెలుగు అక్షరాలను చదివిస్తుందే తప్ప లోపలి విలువలను చెప్పదు. పైగా చీకట్లో చూసే శక్తి మన కంటికి పూర్తిగా రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అప్పుడు పనిచేసే దండకణాలు నీలి వెలుగుకు తొందరగా స్పందిస్తాయి, ఎర్ర వెలుగును దాదాపు పట్టించుకోవు. రాత్రి ఆకాశాన్ని పరిశీలించేవాళ్ళు ఎర్ర టార్చి వాడేది అందుకే. మరి స్టేజి మీద కాంతిమంతమైన నీలి ప్యానెల్‌ను చూసి తలెత్తితే పాడేవాళ్ళు కనబడరు, సార్ చెయ్యి ఊపడం అసలే కనబడదు. ప్రకాశం తగ్గించుకునే ఏర్పాటు లేకపోతే అందం కాస్తా అడ్డమవుతుంది.

బల్బు రకం కూడా చూడాలి. పాత వాయిద్యాల తెరల వెనక ఎలక్ట్రోల్యూమినిసెంట్ రేకు ఉండేది. వాడేకొద్దీ అది మసకబారుతుంది. దాన్ని నడిపే ఇన్వర్టర్ ఒక్కోసారి సన్నగా ఈల వేస్తుంది కూడా. ఎల్‌ఈడీలకు ఈ బాధ తక్కువ. కరెంటు లెక్క కూడా వేశాం. ఒక్కో ఎల్‌ఈడీకి 10 మిల్లీఆంపియర్లు అనుకుంటే, 30 ఎల్‌ఈడీలు ఒకేసారి వెలిగితే 300 మిల్లీఆంపియర్లు. యూఎస్‌బీ 2.0 పోర్టు మొత్తం ఇచ్చేదే 500. గోడ ప్లగ్గుతో నడిచే పెద్ద వాయిద్యానికి ఇది లెక్కలోకి రాదు, చిన్నవాటికి వస్తుంది.

ఇక్కడిదాకా వచ్చి, "వెలిగే ప్యానెల్ వద్దు" అని రాసేయబోయాం. అప్పుడు మాలో ఒక అమ్మాయి అడ్డుపడింది. ఇరవై ఏళ్ళు ఒకే వాయిద్యం వాయించినవాళ్ళకు చూడాల్సిన పని లేదు, వేళ్ళకే అన్నీ తెలుసు అంది. నిజమే. కానీ మాలో చాలామందికి రెండు మూడేళ్ళకోసారి నాన్న బదిలీయో అమ్మ బదిలీయో వస్తుంది. ఆ అమ్మాయి ఇప్పటికి నాలుగు బడుల్లో నాలుగు రకాల కీబోర్డులు వాయించింది. ఒకదానిలో కుడివైపున్న బటన్ ఇంకోదానిలో ఎడమవైపు ఉంటుంది. వేళ్ళు నేర్చుకునేలోపే ఊరు మారిపోతుంది. అలాంటివాళ్ళకు అక్షరాలు కనబడటం విలాసం కాదు. ఈ మాటకు మా దగ్గర జవాబు లేదు.

చివరికి సార్‌కు ఇలా చెప్పాం. నొక్కిన బటన్, మారిన విలువ వెలిగి చూపించే వాయిద్యమే కొందాం. ప్యానెల్ అంతా వెలగకపోయినా ఫరవాలేదు, ప్రకాశం తగ్గించే వీలు మాత్రం ఉండాలి. అక్షరాలు చదువుకోవడానికి స్టాండుకు ఒక చిన్న క్లిప్ లైటు బిగిద్దాం. సార్ ఇంకా ఏమీ తేల్చలేదు.

ఈలోగా పాత కీబోర్డుకు ఒక ఉపాయం చేశాం. బండ్లకు అంటించే రేడియం స్టిక్కరు తెచ్చి ట్రాన్స్‌పోజ్ బటన్ మీద అతికించాం. చీకట్లో అది మెరవనే లేదు! పేరుకే రేడియం, అది తనంతట తాను వెలగదు, పడిన వెలుగును తిప్పి కొడుతుందంతే. అప్పుడు ఆ అమ్మాయే తన పెట్టెలోంచి ఒక రాళ్ళ స్టిక్కర్ బొట్టు తీసి అతికించింది. ఇప్పుడు చీకట్లో వేలికి రాళ్ళు తగిలితే చాలు, అది నొక్కకూడని బటన్ అని తెలిసిపోతుంది.