పెరట్లో ఇనుము కరువు

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో నందిని పేరు చెప్పగానే గుర్తొచ్చేది సున్నపురాయి. భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం తవ్విన గనులివి. 1959 ఫిబ్రవరిలో ఆ కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఫర్నేస్‌లో సున్నం ఖనిజంలోని ఇసుక వంటి మలినాలతో కలిసి స్లాగ్‌గా వేరుపడుతుంది. ఇనుము దక్కుతుంది.

పెరట్లో మాత్రం కథ తలకిందులు. సున్నం పాలు ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. లేత ఆకులు పసుపుబారతాయి, ఈనెలే పచ్చగా మిగులుతాయి. తెగులనుకుని పురుగుమందు కొడితే డబ్బు దండగ.

వానలు వెనుదిరిగే అక్టోబరు ఈ నేలను సరిదిద్దుకునే అదను. బీర, ఆనప పాదులు తీసేసి, ముదురు కాయలు విత్తనానికి ఉంచుకుంటారు. ఖాళీ మళ్లలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి టమోటా, కాలీఫ్లవర్ నారు నాటుతారు. మెంతికూర నాలుగు వారాల్లో, ముల్లంగి నెలన్నరలో చేతికొస్తాయి. పొద్దు కురచబడటంతో గోంగూర పూతకొస్తుంది, ఇక ఆకు కోతలు ఆఖరు. ఛత్తీస్‌గఢీలో దాని పేరు అమారీ భాజీ. భిలాయ్ తెలుగువారికీ, స్థానికులకూ అది ఉమ్మడి కూర.

కొత్త మొక్కలు పసుపుబారితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకులపై చల్లాలి. అది ఈ పంటను గట్టెక్కిస్తుంది. నేలను బాగుచేసేది మాత్రం ఏటేటా వేసే ఎరువే.