వయసు పెరిగితే కూలి తగ్గాలా?



మన విశాఖపట్నంలో రేవు ఉంది. ఉక్కు కర్మాగారం ఉంది. కొత్త కొత్త మేడలు లేస్తున్నాయి. ఆ మేడల కోసం ఇటుక మోసిన వారిలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వారిలో తల నెరిసిన వారూ ఉన్నారు.

ఒక అత్తా, కోడలూ ఉన్నారనుకుందాం. అత్తకు 61 ఏళ్ళు. కోడలికి 30 ఏళ్ళు. ఇద్దరూ గాజువాకలో ఇల్లు కట్టే పనికి వెళ్ళారు. ఒకే వేళకు పనిలో దిగారు. ఇద్దరూ ఇసుక జల్లించారు. ఇటుకలు అందించారు. ఒకే వేళకు పని దిగారు.

సాయంత్రం మేస్త్రీ కోడలికి 600 రూపాయలు ఇచ్చాడు. అత్తకు 450 ఇచ్చాడు.

"ఇదేటి బాబూ, నాకు తక్కువిచ్చావు?" అని అత్త అడిగింది.

"పెద్దదానివి అయిపోనావు మామ్మా. పని ఇచ్చినందుకు సంతోషించు. నీకు పింఛను కూడా వస్తాది కదా!" అన్నాడు మేస్త్రీ.

అత్త మారు మాట్లాడలేదు. గట్టిగా అడిగితే రేపు పనికి పిలవడని ఆమె భయం.

ఈ అత్తా కోడలూ మనం అనుకున్నవారే. కానీ ఆ మేస్త్రీ మాట మనకు కొత్త కాదు.

లెక్క చూద్దాం

రోజుకు తగ్గిన కూలి 150 రూపాయలు. నెలలో 20 రోజులు పని దొరికింది.

150 x 20 = 3,000 రూపాయలు.

మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు అయింది. అందులో 3,000 అత్తకు కూలిలో తగ్గిపోయింది. అంటే ప్రభుత్వం ఆమెకు ఇచ్చిన డబ్బు చుట్టూ తిరిగి పని చేయించుకున్నవారికే మిగిలింది. పింఛను వయసుకు ఇచ్చేది. కూలి పనికి ఇచ్చేది. ఒకదాన్ని చూపి ఇంకొకదాన్ని కోయడం న్యాయం కాదు.

ఒకే ఊరు, రెండు దారులు

ఉక్కు కర్మాగారంలో, రేవులో పర్మినెంటు ఉద్యోగులు ఉన్నారు. వారికి సర్వీసు పెరిగే కొద్దీ జీతం పెరిగే పద్ధతి ఉంది. అక్కడ 55 ఏళ్ళ మనిషి జీతం 30 ఏళ్ళ మనిషి జీతం కన్నా సాధారణంగా ఎక్కువే. మరి రోజుకూలికి వయసు పెరిగితే కూలి ఎందుకు తగ్గుతుంది?

రేవు కథ వింటే తెలుస్తుంది. పూర్వం మన దేశంలోని రేవుల్లో కళాసీలకు ఓడ వస్తేనే పని. ఓడ లేకపోతే పస్తు. బలంగా కనిపించిన వారిని ఏరుకుని పనిలోకి తీసుకునేవారు. 1948లో డాక్ కార్మికుల కోసం ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1959లో విశాఖ రేవుకు ఒక పథకం వచ్చింది. కార్మికుల పేర్లు రిజిస్టరులో రాశారు. వంతుల వారీగా పని ఇచ్చారు. పని లేని రోజులకు కూడా కొంత డబ్బు వచ్చే ఏర్పాటు జరిగింది.

తేడా ఎక్కడుందో చూశారా? రిజిస్టరులో పేరు ఉన్నవారికి అనుభవం విలువ తెచ్చింది. పేరు లేనివారికి అదే వయసు నష్టం తెచ్చింది.

చట్టం ఏమంటుంది?

1948లోనే కనీస వేతనాల చట్టం కూడా వచ్చింది. 2019లో పార్లమెంటు ఈ చట్టాన్నీ, మరి మూడు చట్టాలనూ కలిపి వేతనాల కోడ్ చేసింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.

పనిని బట్టి కనీస కూలి ఎంతో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ముసలివారికి వేరే తక్కువ కూలి అనేది లేదు. 61 ఏళ్ళ అత్తకైనా, 30 ఏళ్ళ కోడలికైనా ఒకే పనికి కనీస కూలి ఒక్కటే.

ఆడ, మగ తేడా చూపి కూలి తగ్గించకూడదని కూడా చట్టంలో ఉంది. అయితే ఒక లోటు ఉంది. కనీస కూలికి పైన ఇచ్చే డబ్బులో వయసు తేడా చూపకూడదని అందులో సూటిగా రాసి లేదు. అక్కడ కూలీలు కలిసి మాట్లాడుకోవలసిందే.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. వాటి కోసం కట్టడాలు కట్టిన కూలీల గురించి సుప్రీంకోర్టులో కేసు నడిచింది. కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. కానీ ఆడకూలీల చేతికి వచ్చింది 7 రూపాయలే అని, మిగతాది జమాదార్లు తింటున్నారని కేసు వేసినవారు చెప్పారు. కనీస కూలి కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని కోర్టు చెప్పింది.

"పెద్దవాళ్ళు పని తక్కువ చేస్తారు కదా?"

ఇలా అనేవారున్నారు. బరువు మోయడంలో వేగం తగ్గవచ్చు. నిజమే. కానీ సిమెంటు పాలు ఎంతో, గోడకు నీళ్ళు ఎన్నిసార్లు కొట్టాలో అనుభవం ఉన్న మనిషికి తెలుసు. ఆమె చేతిలో సరుకు పాడవదు. ఒంటికి తగిన పని ఇవ్వవచ్చు. ఆ పనికి ఉన్న కూలి ఇవ్వాలి. తల నెరిసిందని కోత పెట్టకూడదు.

మనం ఏం చేయవచ్చు?

1. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, పని, పని చోటు, మేస్త్రీ పేరు, ఇచ్చిన డబ్బు రోజూ రాయండి. మనం నేర్చిన అక్షరం ఇక్కడే అక్కరకు వస్తుంది. ఇదే మన రిజిస్టరు.

2. కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి మన పనికి కనీస కూలి ఎంతో అడగండి. కరువు భత్యం మారినప్పుడు ఈ లెక్క కూడా మారుతుంది. అందుకని మళ్ళీ మళ్ళీ అడగాలి.

3. తక్కువ ఇస్తే అర్జీ పెట్టండి. కొత్త కోడ్‌లో దీనికి 3 సంవత్సరాల గడువు ఉంది. నలుగురు కలిసి ఒకే అర్జీ పెట్టవచ్చు. ఒక్కరే వెళ్తే భయం. నలుగురు వెళ్తే ధైర్యం.

4. ఆడవారికి ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. దీనికి 1987లో చట్టం వచ్చింది. జిల్లా న్యాయ సేవా సంస్థలో అడగండి.

5. కోడలు ఇప్పుడే భవన కార్మికుల బోర్డులో పేరు రాయించుకోవాలి. 18 నుంచి 60 ఏళ్ళ లోపువారే అందులో చేరగలరు.

కోడలు తన 600 తీసుకుని ఊరుకోవచ్చు. కానీ ఆమెకూ 61 ఏళ్ళు వస్తాయి. ఈ రోజు అత్త కూలి కోసం అడిగితే, రేపటి తన కూలి కోసం అడిగినట్టే.

చదివాక మాట్లాడుకోండి

మీ పనిలో పెద్దవారికి ఎంత ఇస్తున్నారు? వయసువారికి ఎంత ఇస్తున్నారు? తేడా ఉంటే, నెలకు ఎంత నష్టమో లెక్క కట్టండి.