చల్లబరిచే వాయువు వేడి పెంచింది!

మండు వేసవిలో చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకొని బయటికి వచ్చారు. కొట్లో చల్లని నీళ్ళు తాగేసరికి ప్రాణం లేచివచ్చింది. మరి, నీళ్ళను చల్లబరిచే రిఫ్రిజిరేటరుకూ భూమి వేడెక్కడానికీ సంబంధం ఉందంటే నమ్ముతారా?

ఆ సంబంధాన్ని కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు వీరభద్రన్ రామనాథన్. 1965లో ఇంజనీరింగు పూర్తిచేసి, చిక్కడపల్లికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని సికింద్రాబాదులో, రిఫ్రిజిరేటర్ల కంపెనీలో ఉద్యోగానికి చేరారు. ఆనాటి రిఫ్రిజిరేటర్లలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఎందుకు కారిపోతున్నాయో చూడడం ఆయన పని. తర్వాత ఆయన అమెరికా వెళ్ళారు. ఇలా కారిపోయిన వాయువు ఏం చేస్తుందో 1975లో లెక్కకట్టి చూపారు. ఒక్క క్లోరోఫ్లోరోకార్బన్ అణువు సుమారు 10,000 బొగ్గుపులుసు వాయువు అణువుల పెట్టు!

అంత బలం ఎలా వచ్చింది? ఎండకు వేడెక్కిన భూమి ఆ వేడిని పరారుణ కిరణాలుగా పైకి పంపుతుంది. నత్రజని, ప్రాణవాయువు వాటిని అడ్డుకోవు. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు అడ్డుకుంటాయి. అయితే ఏ వాయువైనా కొన్ని తరంగదైర్ఘ్యాలనే పీల్చుకుంటుంది. వాతావరణాన్ని ఎన్నో కిటికీలున్న గది అనుకోండి. బొగ్గుపులుసు వాయువు మూసే కిటికీకి ఇప్పటికే చాలా తెరలున్నాయి. ఇంకొకటి వేస్తే కొద్దిపాటి తేడాయే. 8 నుంచి 12 మైక్రాన్ల కిటికీ మాత్రం చాలావరకు తెరిచే ఉంది. క్లోరోఫ్లోరోకార్బన్లు సరిగ్గా అక్కడే తెర దించుతాయి.

అలాగని అసలు దోషులు ఇవే అనుకోకండి. బలంతోపాటు పరిమాణం, ఆయుష్షు కూడా చూడాలి. వరిమళ్ళ నుంచి, పశువుల కడుపుల నుంచి వచ్చే మిథేన్ ఒక కిలో, నూరేళ్ళ లెక్కలో సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. కాని గాలిలో అది నిలిచేది పన్నెండేళ్ళే. ఎరువుల వల్ల పుట్టే నైట్రస్ ఆక్సైడు సుమారు 270 రెట్లు బలమైనది, నూరేళ్ళకు పైగా నిలుస్తుంది. బొగ్గుపులుసు వాయువు బలహీనమైనదే. అయితే పరిశ్రమలు పెరగక ముందు గాలిలో పదిలక్షల భాగాలకు 280 ఉన్నది, నేడు 420 దాటింది. అందులో కొంత వేల ఏళ్ళు ఉండిపోతుంది. అందుకే మనుషుల వల్ల పెరిగిన వేడిలో పెద్దవాటా దానిదే.

ఓజోను పొరను కాపాడడానికి 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకోవడంతో క్లోరోఫ్లోరోకార్బన్ల వాడకం క్రమంగా ఆగింది. వాటి స్థానంలో వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు ఓజోనుకు హాని చేయవు, కాని వేడిని పట్టి ఉంచుతాయి. వాటినీ తగ్గించాలని 2016లో కిగాలీలో ఒప్పుకున్నారు.

మీ ఇంట్లో పాత రిఫ్రిజిరేటరో, ఏ.సి.యో పారేస్తున్నారా? గొట్టం కోసి వాయువును గాలిలోకి వదలనివ్వకండి. సిలిండరులోకి పట్టమని మెకానిక్కుతో చెప్పండి. గుప్పెడు వాయువే కదా అనుకోకూడదని మీకిప్పుడు తెలుసు!