బ్లూస్ పాటగాళ్లు ఎదురుపడితే ఏమడుగుతాం?

మా సంఘంలో ఆదివారం గిటార్ వాయించే యువకుడొకడు ఈమధ్య ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చాడు. "అయ్యగారూ, రాబర్ట్ జాన్సన్ అనే ఆయన నాలుగు రోడ్ల కూడలిలో సాతానుకి ఆత్మ అమ్మేసి గిటార్ నేర్చుకున్నాడట, నిజమేనా?" అని అడిగాడు. ఆయన బ్రతికి ఉంటే మొట్టమొదట అదే అడిగేవాడట. వీడొక్కడే కాదు, చాలామంది బ్లూస్ అభిమానులు అడగాలనుకునే ప్రశ్న అదే.

దానికి జవాబు చెప్పడానికి జాన్సన్ లేచి రానక్కర్లేదు. ఆయన 1938లో, 27 ఏళ్లకే చనిపోయాడు. రికార్డు చేసిన పాటలు 29. ఆ కథ అసలు టామీ జాన్సన్ అనే మరో పాటగాడి గురించి అతని తోబుట్టువు చెప్పినది. పేరు కలిసింది కాబట్టి ఈయనకు అంటుకుంది. రాబర్ట్‌కు నేర్పినవాడు ఐక్ జిమ్మర్మన్ అనే మామూలు మనిషి. ఇద్దరూ రాత్రిళ్లు సమాధుల తోటలో కూర్చొని సాధన చేసేవారట. అక్కడైతే ఎవరి నిద్రా చెడదు కదా! పుకారు పుట్టడానికి ఇంకేం కావాలి?

మరి ఏమడగాలి? ముందు బ్లూస్ ఎక్కడిదో చూద్దాం. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, బానిసత్వం నుండి విడుదలైనవారి పిల్లలు, మనవళ్లు భూస్వాముల పత్తి చేలల్లో పాలికి సేద్యం చేస్తూ, ఏడాది చివర లెక్క చూస్తే అప్పే మిగిలే రోజుల్లో పాడుకున్న పాట అది. శనివారం రాత్రి ఆ పాట, ఆదివారం ఉదయం దేవుని మందిరం. ఊరు అదే, చాలాసార్లు మనుషులూ వాళ్లే. సంఘ పెద్దలు మాత్రం ఆ పాటను అపవాది పాట అన్నారు.

సన్ హౌస్ అనే ఆయన చిన్న వయసునుండే బాప్టిస్టు సంఘాల్లో వాక్యం చెప్పినవాడు. గిటార్ ముట్టుకోవడమే పాపమనుకునేవాడు. ఇరవై ఏళ్లు దాటాక ఒకరోజు, తీగల మీద సీసా మెడ జారుస్తూ ఎవరో వాయిస్తుంటే విని పట్టుబడిపోయాడు. 1930లో ఆయన రికార్డు చేసిన పాటల్లో ఒకదాని పేరే 'ప్రీచింగ్ ద బ్లూస్'. తర్వాత వాయించడం మానేసి రోచెస్టర్ పట్టణంలో కాలం గడుపుతుంటే, 1964లో కొందరు యువ అభిమానులు వెతుక్కుంటూ వెళ్లారు. తన పాటలు తానే మరచిపోతే ఒక కుర్రవాడు దగ్గర కూర్చొని గుర్తు చేయాల్సి వచ్చింది. నేనైతే ఆయన్ని గిటార్ గురించి అడగను. "ప్రసంగ వేదిక దిగి వెళ్లిపోయినప్పుడు మీ వెనక ఎవరైనా వచ్చారా? తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్క కాపరైనా?" అని అడుగుతాను.

రాబర్ట్ విల్కిన్స్‌ది దీనికి ఎదురు దారి. 1929లో ఒక బ్లూస్ రికార్డు చేశాడు. తాను పాడే విందుల్లో కొట్లాటలు చూసి విసిగి, 1930లలో ఆ పాటలు వదిలేసి దేవుని సేవకుడయ్యాడు. 1964లో మళ్లీ రికార్డు చేసినప్పుడు ఆ పాత బ్లూస్ రాగాన్నే తీసుకొని, లూకా 15లోని తప్పిపోయిన కుమారుని కథ కూర్చాడు. నాలుగేళ్లకు రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లాండు బృందం దాన్ని పాడి, మొదటి ముద్రణలో రచన తమదేనని వేసుకుంది! పేరు తర్వాత సరిదిద్దారు. ఆయన్ని అడగాలనుంది: "అయ్యా, తప్పిపోయి తిరిగి వచ్చింది మీరా, ఆ రాగమా?"

రాగం సంగతి మనకు కొత్త కాదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు వాడిన ఆ రాగాలేవీ చర్చిలో పుట్టినవి కావు. అయినా ఇప్పటికీ మనం ఫలానా బాణీ మందిరంలోకి రావచ్చా, రాకూడదా అని కమిటీ మీటింగుల్లో గొంతు పెంచుకుంటూనే ఉన్నాం.

థామస్ డోర్సీ ఆ గొడవను బాగా ఎరిగినవాడు. బాప్టిస్టు బోధకుని కొడుకు, 'జార్జియా టామ్' పేరుతో బ్లూస్ పాడినవాడు. ఆ లయను సువార్త గీతాల్లోకి తెస్తే మొదట చాలా సంఘాలు తలుపు మూశాయి. 1932లో కూడికల్లో పాడడానికి సెయింట్ లూయిస్ వెళ్లి ఉండగా, కాన్పులో భార్య చనిపోయిందని తంతి వచ్చింది. బిడ్డ కూడా దక్కలేదు. 'ప్రెషస్ లార్డ్' అనే పాట ఆ దుఃఖంలో పుట్టింది. ఆ తలుపులు మూసిన సంఘాలే తర్వాత ఆ పాట పాడుకున్నాయి. ఇక్కడ ప్రశ్న డోర్సీకి కాదు, ఆ పెద్దలకి.

చివరిగా టెక్సస్‌కు చెందిన బ్లైండ్ విల్లీ జాన్సన్. చూపులేని ఈయన గిటార్‌లో పలికింది బ్లూసే గాని, నోట పాడినవన్నీ దేవుని పాటలే. 1927 నుండి 1930 వరకు 30 పాటలు రికార్డు చేశాడు. వాటిలో ఒకదానికి గెత్సెమనే రాత్రిని గూర్చిన పాత కీర్తన పేరు పెట్టాడు. కాని అందులో మాటల్లేవు. మూలుగు, గిటార్, అంతే. 1977లో వోయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు పూత రికార్డులో ఆ మూలుగు ఉంది. ఇప్పుడు అది సూర్యుని గాలి ఆగిపోయే హద్దు కూడా దాటి పోతూ ఉంది.

ఆయన మాత్రం 1945లో బ్యూమాంట్ పట్టణంలో చనిపోయాడు. అక్కడ 'హౌస్ ఆఫ్ ప్రేయర్' అనే చిన్న ప్రార్థన మందిరం నడిపేవాడు. భార్య తర్వాత చెప్పినదాని ప్రకారం, ఇల్లు కాలిపోయింది, వెళ్లడానికి వేరే చోటు లేదు. నీళ్లతో తడిసిన పరుపు మీద పాత పేపర్లు పరుచుకొని ఆ కాలిన ఇంట్లోనే పడుకున్నారు. ఆయనకు జబ్బు చేసింది. ఆసుపత్రివాళ్లు చేర్చుకోలేదని కూడా ఆమె చెప్పింది.

ఆయనతోనైతే పాట సంగతి ఎత్తను. ఆ రాత్రి దగ్గరలో ఉన్న ఏ సంఘకాపరి తలుపైనా తట్టారా, తడితే లోపలినుండి ఏమన్నారు అన్నదొక్కటే అడుగుతాను.